నాటకం పుస్తకం ఇరవయ్యో పేజీలో ఆగిపోయిందా?

ప్రశ్న: చిన్నప్పుడు చూసినవి తప్ప ఇన్నేళ్ళూ నాటకాల జోలికి పోలేదు. ఈ మధ్య ఒక స్నేహితురాలు బలవంతంగా తీసుకెళ్తే ఒకటి చూశాను, రెండు గంటలు కదలకుండా కూర్చున్నాను. ఆ ఊపులో ఆ నాటకం పుస్తకం కూడా తెప్పించుకున్నాను కానీ ఇరవయ్యో పేజీ దాటలేకపోయాను. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియక మాటిమాటికీ వెనక్కి వెళ్ళి పాత్రల పేర్లు చూసుకోవాల్సి వస్తోంది. నవలలు బాగానే చదువుతాను. అసలు నాటకాలు చదవడానికి పనికొస్తాయా? చూడ్డానికీ చదవడానికీ కూడా బాగుండేవి ఉంటే చెప్పండి. ముందు చదవాలా, ముందు చూడాలా?

జవాబు: ఇరవై పేజీలంటే నయమే, నేను మొదటిసారి పన్నెండో పేజీలోనే మూసేశాను. ఇందులో మీ తప్పేం లేదు, పుస్తకం తప్పు కూడా ఉండకపోవచ్చు. మీరు దాన్ని నవల చదివినట్టు చదివుంటారు, అంతే. నవల రాసేవాళ్ళు మనిషి లోపలికి వెళ్ళి అతనేం అనుకుంటున్నాడో, కిటికీ అవతల వాన పడుతోందో లేదో అన్నీ మన చేతిలో పెడతారు. నాటకం రాసేవాళ్ళు మాటలు ఇచ్చి, బ్రాకెట్లలో నాలుగు ముక్కలు రాసి తప్పుకుంటారు. మిగతా పనంతా నటులది, దర్శకుడిది, లైట్లు వేసేవాళ్ళది. ఇంట్లో కూర్చుని చదివేటప్పుడు ఆ పనంతా మన నెత్తిన పడుతుంది, అది మనకెవరూ ముందు చెప్పరు.

ఇది నాకు తెలిసొచ్చింది కాలేజీలో ఉండగా. ఒక నాటకంలో నాకు మూడే మూడు డైలాగులు. పుస్తకంలో నా పాత్ర ఎక్కడుందో వెతుక్కోవాలి, అంత చిన్నది. కానీ రిహార్సల్లో తెలిసింది, ఆ మూడు మాటల కోసం నేను స్టేజి మీద నలభై నిమిషాలు నిలబడాలని. చేతిలో ట్రే. ఎదురుగా ఇద్దరు అన్నదమ్ములు ఆస్తి గురించి కొట్టుకుంటున్నారు, నేను వింటున్నాను. పుస్తకంలో నేను లేను, స్టేజి మీద మాత్రం జనం మధ్య మధ్యలో నా మొహం చూస్తున్నారు, వీడికి ఇదంతా తెలిసిపోయిందే అని. అప్పటి నుంచి నాటకం చదివేటప్పుడు ప్రతి పేజీలో ఒకటే చూసుకుంటాను: ఇప్పుడు మాట్లాడకుండా నిలబడి ఉన్నది ఎవరు? ఈ ఒక్క అలవాటు వస్తే సగం పుస్తకాలు వాటంతటవే నడుస్తాయి.

ఇక ఏవి చదవాలన్నదానికి నా లెక్క ఒకటుంది. చదివినా చూసినా ఒకటే దొరికే నాటకానికి రెండుసార్లు టైమ్ ఖర్చు పెట్టక్కర్లేదు. చదివితే ఒకటి, చూస్తే ఇంకొకటి చేతికి రావాలి. అలాంటివే చెప్తాను.

ముందు మన గురజాడ కన్యాశుల్కం. అందరికీ తెలిసిందే కదా అంటారు కానీ, నిజంగా మొదటి నుంచి చివరి దాకా చదివినవాళ్ళు నాకు చాలా తక్కువమంది కనిపించారు. చాలామందికి తెలిసింది 1955లో వచ్చిన సినిమా, లేదా ఎక్కడో చూసిన రెండు రంగాలు. ఈ నాటకం మొదట 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, తర్వాత గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాసి 1909లో మళ్ళీ అచ్చు వేశారు. ఇప్పుడు మనం చదివేది ఆ రెండోదే. అది ఎంత పెద్దదంటే మొత్తం ఆడటం చాలా కష్టం, మామూలుగా కత్తిరించే ఆడతారు. కాబట్టి స్టేజి మీద ఎంత గొప్పగా ఆడినా మీరు చూసేది చాలావరకు ఒక ముక్కే, పూర్తి నాటకం పుస్తకంలోనే ఉంది. గిరీశం మొదటి మాటల్లోనే పూటకూళ్ళమ్మ సంతసామాన్ల కోసం ఇచ్చిన ఇరవై రూపాయలు తను ఏం చేశాడో చెప్పేస్తాడు, మనకి వాడు మొదటి పేజీలోనే దొంగ అని తెలుసు, అయినా చివర్లో "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అనే దాకా వాణ్ణి వదలబుద్ధి కాదు. అదెలా చేశాడో తెలియాలంటే చదవాల్సిందే. మరి చూస్తే ఏమొస్తుంది? రామప్పంతులు దాక్కున్న మంచం కిందకే గిరీశం కూడా దూరే సీను ఉందే, అది పేజీ మీద ఒక మోస్తరు నవ్వు. స్టేజి మీద మంచం పైన ఒక నాటకం, మంచం కింద ఒక నాటకం ఒకేసారి నడుస్తుంటాయి, మన కళ్ళు పైకీ కిందకీ పరిగెడతాయి. ఆ పని పుస్తకం చెయ్యలేదు.

పద్యనాటకాలు చదవడమేమిటి, వినాలి కదా అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలు ఎన్నిసార్లు విన్నా నాకు రాగమే గుర్తుండేది. "చెల్లియో చెల్లకో" అని ఎత్తుకోగానే చప్పట్లు, ఆ రాగాలాపన అయ్యేసరికి పద్యం ఎక్కడ మొదలైందో మర్చిపోతాం. ఒకసారి పుస్తకం తీసి నిదానంగా చదివితే, కృష్ణుడు ఎంత మెత్తగా మాట్లాడుతున్నాడో, ఆ మెత్తదనంలోనే ఎంత బెదిరింపు ఉందో అప్పుడు కనిపించింది. నీ పిల్లాపాపలు, ప్రజలు చల్లగా ఉండాలంటే సంధి చేసుకుంటావా, లేదా "ఎల్లి" యుద్ధమే అంటావా తేల్చి చెప్పు అంటాడు. ఎల్లి అంటే రేపు. ఎప్పుడో కాదు, రేపు. రాగంలో ఆ చిన్న మాట కొట్టుకుపోతుంది, కాగితం మీద మాత్రం ముల్లులా గుచ్చుకుంటుంది. దీనికి తిరగబడ్డ కేసు బలిజేపల్లి వారి సత్యహరిశ్చంద్ర. కాటిసీనులో మనం విని కళ్ళు తుడుచుకునే "ఇచ్చోటనే" పద్యాలు ఆ నాటకం రాసినాయన రాసినవి కావు, గుర్రం జాషువా "శ్మశానవాటిక" అనే ఖండికలోవి. నటులు తెచ్చి కలుపుకున్నారు, జనం ఇంక వదల్లేదు. అసలు నాటకంలో వెతికితే అవి దొరకవు. అంటే పుస్తకానికీ స్టేజికీ మధ్య ఎప్పుడూ ఇలా ఇచ్చిపుచ్చుకోవడాలు జరుగుతూనే ఉంటాయి. రెండూ ఒకటే అనుకుంటే మోసపోతాం.

సంస్కృత నాటకం అనగానే భయపడకండి, శూద్రకుడి మృచ్ఛకటికం మంచి అనువాదంలో చదవండి. పది అంకాలున్నా ఎక్కడా బరువు అనిపించదు. మూడో అంకంలో శర్విలకుడనే దొంగ కన్నం వెయ్యడానికి వస్తాడు. గోడ ముందు నిలబడి కన్నం ఏ ఆకారంలో వేస్తే బాగుంటుందా అని ఆలోచిస్తాడు, పద్మంలాగానా, సూర్యుడిలాగానా, నెలవంకలాగానా? కాల్చిన ఇటుకల గోడ కాబట్టి పూర్ణకుంభం బాగుంటుందని తేలుస్తాడు. తీరా చూస్తే కొలతాడు తేవడం మర్చిపోయాడు. ఏం ఫర్వాలేదు, జంధ్యం ఉందిగా అని దాంతో కొలుస్తాడు, మాలాంటివాళ్ళకి ఇది ఎన్ని రకాలుగా పనికొస్తుందో అని మురిసిపోతాడు కూడా. తెల్లారి ఇంటాయన చారుదత్తుడు వచ్చి, ముందు ఆ కన్నం ఎంత అందంగా ఉందో అని మెచ్చుకుంటాడు! ఆ తర్వాత పాపం దొంగ ఉత్తి చేతుల్తో పోయి ఉంటాడే అని బాధపడతాడు. పోయిన నగలు తనవి కూడా కావు, వసంతసేన దాచమని ఇచ్చినవి. వందల ఏళ్ళ కిందటి నాటకం ఇది, నేను చదువుతూ పైకి నవ్వేశాను.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న రెండు నాటకాలు. మీ ప్రశ్నకి ఇవి సరిగ్గా సరిపోతాయి.

మోహన్ రాకేశ్ 1969లో హిందీలో రాసిన ఆధే అధూరే. సావిత్రి అనే ఆవిడ, ఉద్యోగం లేని భర్త, ఎదిగిన పిల్లలు, ఇల్లు గడవని చిరాకు. ఆమె జీవితంలోకి వచ్చిన మగవాళ్ళు ఒక్కొక్కరే స్టేజి మీదకి వస్తారు. వాళ్ళ పేర్లు వేరు, మాట తీరు వేరు. చదువుతుంటే మనకి నలుగురు మనుషులు కనిపిస్తారు, ఈయన నయం, ఆయన అన్యాయం అని మనమూ బేరీజు వేస్తాం. కానీ రచయిత షరతు ఏమిటంటే, ఆ నలుగురి వేషాలూ, మొదట్లో వచ్చి మాట్లాడే నల్లసూటు మనిషితో సహా, ఒకే నటుడు వెయ్యాలి. స్టేజి మీద ఆమె ఒకణ్ణి వదిలి ఇంకొకడి దగ్గరికి వెళ్ళాలని చూసిన ప్రతిసారీ అదే మొహం ఎదురవుతుంది. చదివేటప్పుడు ఈ షరతు పుస్తకం మొదట్లోనే ఉన్నా పది పేజీలకల్లా మర్చిపోతాం. చూసేటప్పుడు మర్చిపోవడం కుదరదు. నేను ముందు చదివాను, సావిత్రిదే కొంత తప్పు అనుకున్నాను. చూశాక ఆ మాట అనలేకపోయాను.

రెండోది విజయ్ తెందూల్కర్ మరాఠీ నాటకం, 1967లో స్టేజి మీదకి వచ్చింది, శాంతతా! కోర్ట్ చాలూ ఆహే. నిశ్శబ్దం, కోర్టు నడుస్తోంది అని అర్థం. ఒక నాటక బృందం కాలక్షేపానికి ఉత్తుత్తి కోర్టు ఆడుకుందామనుకుంటుంది, తమలోనే ఉన్న బేణారే అనే టీచరమ్మని ముద్దాయిగా నిలబెడుతుంది. ఆట కాస్తా ఆమె సొంత జీవితం మీదకి మళ్ళుతుంది. మొదట్లో లోపలికి వస్తూ తలుపు గడియకి వేలు నొక్కుకుంటుంది ఆవిడ, మనం పట్టించుకోం. తర్వాత పారిపోదామని చూసినప్పుడు అదే తలుపు తెరుచుకోదు. చివర్లో జడ్జి వేషం వేసినాయన, చెప్పుకోవడానికి పది సెకన్లు ఇస్తున్నాను అంటాడు. అప్పుడు మిగతా అందరూ బొమ్మల్లా బిగుసుకుపోతారు, ఆమె పేజీల తరబడి మాట్లాడుతుంది. మాట్లాడటం అయిపోగానే ఆయన టైమ్ అయిపోయింది అంటాడు! మరి ఆమె అదంతా నిజంగా పైకి అందా, మనసులో అనుకుందా, మనకొక్కళ్ళకే చెప్పిందా? చదివితే ఈ అనుమానం దగ్గర ఆగి ఎంతసేపైనా కూర్చోవచ్చు. చూస్తే మాత్రం ఆగడం ఉండదు, ఆ గొంతు మీద నుంచి వెళ్ళిపోతుంది. దీన్ని మాత్రం ముందు చదవండి.

గిరీశ్ కర్నాడ్ నాగమండల గురించి ఒక్క మాట. మొదట్లోనే రాత్రిపూట ఊళ్ళో దీపాలు ఆర్పేశాక ఆ దీపజ్వాలలన్నీ పాడుబడ్డ గుడిలో చేరి, తమ తమ ఇళ్ళల్లో ఏం జరుగుతోందో ఆడవాళ్ళలా కబుర్లు చెప్పుకుంటాయి. అక్కడ దాక్కుని వింటున్నవాడు ఎవరంటే, తన నాటకాలతో జనాన్ని నిద్రపుచ్చిన పాపానికి రాత్రంతా మేలుకోకపోతే చచ్చిపోయే శాపం ఉన్న రచయిత. ఈ సీను స్టేజి మీద ఎలా చేస్తారా అనేది దర్శకుడి తలనొప్పి. చదివేవాళ్ళకి మాత్రం ఏ ఖర్చూ లేదు, జ్వాలలు ఎంత బాగా కావాలంటే అంత బాగా వెలుగుతాయి.

బయట దేశాలవాటిలో ఇబ్సెన్ ఎ డాల్స్ హౌస్ (1879) గురించి అందరూ చివర్లో నోరా తలుపు వేసి వెళ్ళిపోవడం చెప్తారు. నాకు మొదటి రెండు పేజీలే ఇష్టం. ఆమె దొంగతనంగా మిఠాయి తింటూ ఉంటుంది, భర్త గొంతు వినగానే పొట్లం జేబులో పెట్టేసి మూతి తుడుచుకుంటుంది. ముగ్గురు పిల్లల తల్లి! ఆ ఒక్క పనిలో ఆ సంసారం మొత్తం ఉంది, అదంతా బ్రాకెట్లలో ఉంది. బ్రాకెట్లు దాటేసి చదివితే మీరు పోగొట్టుకునేది ఇదే. అన్నట్టు జర్మనీలో ఒక నటి పిల్లల్ని వదిలి వెళ్ళే పాత్ర తను వెయ్యనంటే, ఇబ్సెనే గత్యంతరం లేక నోరా ఉండిపోయేలా ఇంకో ముగింపు రాసిచ్చాడు, తర్వాత దాన్ని తనే తిట్టుకున్నాడు. దొరికితే రెండు ముగింపులూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

చెహోవ్ చెర్రీ తోట మాత్రం చూడకుండా చదివితే చాలామందికి ఏమీ జరగనట్టే ఉంటుంది. నాలుగో అంకంలో లొపాహిన్, వార్యా ఇద్దరే ఒక గదిలో మిగులుతారు. అతను పెళ్ళి మాట ఎత్తుతాడని ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్నారు, ఆమె కూడా. ఆమె సామాన్లలో ఏదో వెతుకుతున్నట్టు నటిస్తుంది. ఇప్పుడెక్కడికి వెళ్తావు అంటాడు. చెప్తుంది. చలి బాగా ఉంది అంటాడు. మా థర్మామీటరు పగిలిపోయింది అంటుంది. బయట నుంచి ఎవరో పిలుస్తారు, ఆ పిలుపు కోసమే కాచుకున్నట్టు వెళ్ళిపోతాడు. అంతే. కాగితం మీద ఇది అరపేజీ, వాతావరణం గురించి పొడి మాటలు. మంచి నటులు చేస్తే ఆ మాటల మధ్య ఉన్న ఖాళీ భరించలేం. ఇలాంటిది ఒకసారి చూశాక మళ్ళీ చదవండి, ఆ ఖాళీలు పేజీలో కూడా వినపడతాయి. ఇది కామెడీ అని చెహోవ్, కాదు విషాదమే అని దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ 1904లో దాన్ని స్టేజి ఎక్కిస్తూ తగువు పడ్డారు. ఎవరు రైటో మీరు తేల్చుకోండి, నాకైతే రెండుసార్లు చదివితే రెండు రకాలుగా అనిపించింది.

బెకెట్ వెయిటింగ్ ఫర్ గోడో 1952లో ఫ్రెంచిలో ముందు పుస్తకంగా వచ్చి, తర్వాత 1953 జనవరిలో పారిస్‌లో స్టేజి ఎక్కింది. మొదటి అంకం చివర, గోడో అనేవాడి కోసం ఎదురుచూసే ఇద్దరిలో ఒకడు వెళ్దామా అంటాడు, రెండోవాడు పద వెళ్దాం అంటాడు, కింద బ్రాకెట్లో: కదలరు. రెండో అంకం చివరా అవే మాటలు, కానీ ఈసారి ఇతని మాట అతను, అతని మాట ఇతను అంటాడు. చూసేటప్పుడు ఈ తారుమారు దాదాపు ఎవరికీ అందదు, చదివితేనే తెలుస్తుంది. అయినా దీన్ని ముందు చూడమనే అంటాను, ఎందుకంటే ఉత్త పుస్తకంతో మొదలుపెడితే మీరు మళ్ళీ ఇరవయ్యో పేజీలో నాకు ఉత్తరం రాస్తారు.

షేక్స్‌పియర్ ఊసెత్తలేదేమిటంటారా? విషాదాంతాల్లో అన్నిటికన్నా చిన్నది మాక్‌బెత్, అక్కడ మొదలుపెట్టండి. ఆయన బతికుండగా అది అచ్చుకే రాలేదు. 1616లో ఆయన పోతే 1623లో తోటి నటులు పోగేసి వేసిన పెద్ద పుస్తకంలో మొదటిసారి కనిపించింది. ఆ పుస్తకమే లేకపోతే ఇవాళ ఆడటానికి ఆ నాటకమే ఉండేది కాదేమో.

చదవక్కర్లేనివి కూడా చెప్పాలి కదా. పడటం, లేవటం, తలుపులు తియ్యటం, వెయ్యటం మీద నడిచే హాస్యనాటకాలు చదివితే కరెంటు పోయిన సినిమాహాల్లో కూర్చున్నట్టుంటుంది. పాటలు, సెట్టింగుల మీద నిలబడేవి కూడా అంతే. పన్నెండుమంది జ్యూరీ సభ్యుల నాటకం ట్వెల్వ్ యాంగ్రీ మెన్ మంచిదే, కానీ అందులో మనుషులకి పేర్లుండవు, అంకెలే. ఏడో నంబరు ఎవరు, పదో నంబరు ఎవరు అని చదువుతూ మీకు పిచ్చెక్కుతుంది, ముందు చూసేయండి. బెర్నార్డ్ షా దీనికి సరిగ్గా వ్యతిరేకం, బ్రాకెట్లలోనే ఆయన సగం నవల రాసేస్తాడు. పిగ్మాలియన్‌కైతే నాటకం అయిపోయాక నాయిక ఎలైజా ఎవర్ని పెళ్ళి చేసుకుందో వివరిస్తూ వెనకాల పెద్ద వ్యాసమే తగిలించాడు. అది స్టేజి మీద ఎవరూ చెప్పరు. నవలలు అలవాటైన మీకు షా హాయిగా ఉంటాడు.

ముందు చదవాలా చూడాలా అన్నదానికి ఒకే జవాబు లేదు కానీ, భాష బరువుగా ఉంటే ముందు చదవండి, మాటలు తేలిగ్గా ఉండి అసలు సంగతి మాటల వెనక ఉంటే ముందు చూడండి. నవ్వు నాటకం, చిక్కుముడి విప్పే నాటకం కథ తెలియకుండా చూడటమే మేలు. కథ ముందే తెలిస్తే నష్టమా అని టెన్షన్ పడకండి, పాత గ్రీకు నాటకం ఈడిపస్ కథ తెలియనివాళ్ళు ఆనాటి ప్రేక్షకుల్లో ఉండి ఉండరు, ఆ నాటకానికి పదునంతా మనకి తెలిసింది అతనికి తెలియకపోవడంలోనే ఉంది.

చదివే పద్ధతి పెద్దదేం కాదు. పాత్రల పేర్లు, ఎవరికి ఎవరేమవుతారో ఒక చీటీ మీద రాసుకుని దాన్నే పుస్తకంలో గుర్తుగా పెట్టుకోండి, మీ వెనక్కి తిప్పుడు బాధ అక్కడితో పోతుంది. వీలైతే ఒక్క కూర్చోవడంలో కనీసం ఒక అంకం పూర్తి చెయ్యండి, రోజుకి నాలుగు పేజీలు చదివితే నాటకం చచ్చిపోతుంది. తలుపు ఎటుంది, మంచం ఎక్కడుంది అని ఆ చీటీ వెనక గీతలు గీసుకున్నా తప్పులేదు. అన్నిటికన్నా ముఖ్యంగా పైకి చదవండి, గొంతులు మార్చక్కర్లేదు, మామూలుగానే.

మొదలు తెందూల్కర్‌తో పెట్టండి, తర్వాత కన్యాశుల్కం. మీరు వదిలేసిన పుస్తకాన్ని మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి. ఈ రెండూ అయ్యాక, మిమ్మల్ని నాటకానికి లాక్కెళ్ళిన ఆ స్నేహితురాల్ని పిలిచి, సగం పాత్రలు ఆవిడకి అప్పజెప్పి, మళ్ళీ మొదటి పేజీ నుంచి ఇద్దరూ పైకి చదవండి. ఎవరి మాట ఎవరిదో అప్పుడు వెతుక్కోవాల్సిన పని ఉండదు.